చింతగింజల లెక్క

కొండ్రుపాలెంలో చెంచయ్య అనే చెరువు కాపలాదారు ఉండేవాడు. మనిషి నిప్పులాంటివాడే గానీ, తాత గీసిన గీత అంటే చాలు, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టే మొండివాడు.

ఆ గీత సంగతి ముందు చెప్పాలి. ఆ ఊళ్ళో ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే. నోట్లో పోసుకుంటే మొహం అష్టవంకర్లు పోయేది. అందుకని ఏటా ఉగాదికి ముందు, కాలువ కట్టేసేలోగా, పదిరోజులు మంచినీళ్ళు వదిలేవాళ్ళు. ఆ నీళ్ళతో చెరువు నింపుకుంటే మళ్ళీ కాలువ వచ్చేదాకా ఊరంతా అవే తాగాలి. చెరువులో, కాలువ నీళ్ళు లోపలికొచ్చే తూము దగ్గర రెండు నిలువుల ఎత్తు రాయి ఒకటి ఉండేది. దాని మీద చెంచయ్య తాత వెంకటనర్సు ఉలితో ఒక గీత గీశాడు. నీళ్ళు ఆ గీతను తాకగానే తూము మూసెయ్యాలి. అదీ ఆనవాయితీ.

తూము తాళంచెవి తాత మొలతాడు నుంచి తండ్రి మొలతాడుకి, అక్కణ్ణుంచి చెంచయ్య మొలతాడుకి వచ్చింది. "మా తాత చేతిలో ఈ చెరువు ఎండలేదు, మా నాన్న చేతిలో ఎండలేదు, నా చేతిలోనూ ఎండదు" అని రొమ్ము విరుచుకుని చెప్పేవాడు. నీళ్ళు గీతకి వచ్చిన రోజున ఊరివాళ్ళు రాయికి పసుపు రాసి, చెంచయ్య భుజాన కొత్త తువ్వాలు వేసేవాళ్ళు. ఆ తువ్వాలు ఏడాది పొడుగునా తీసేవాడు కాదు మహానుభావుడు.

సాయంత్రం పూట కట్ట మీద కూర్చుంటే అతనికి తాతే గుర్తొచ్చేవాడు. ఏటా కాలువ రావడానికి ముందు తాత నడుముకి ఒక గుడ్డసంచి కట్టుకుని, మనవణ్ణి వెంటేసుకుని ఊరంతా తిరిగేవాడు. ఏ ఇంటి ముందు ఆగినా అరుగు మీద చాప పడేది, గ్లాసుడు మజ్జిగ వచ్చేది. ఆ మజ్జిగలో అల్లమూ, కరివేపాకూ! అబ్బ, ఆ రుచి మళ్ళీ తగలలేదు చెంచయ్యకి. తాత తీరిగ్గా మంచీచెడూ మాట్లాడి, "ఇంట్లో ఎందరమ్మా?" అని అడిగి, అన్ని చింతగింజలు సంచిలో వేసుకునేవాడు. నిండు చూలాలు కనపడితే రెండు గింజలు వేసేవాడు. "ఒకటి తల్లికి, ఒకటి వచ్చేవాడికి" అని నవ్వేవాడు. తిరిగి తిరిగి ఇంటికి వచ్చాక మనవడు ఆ గింజల్ని అరగదీసి పచ్చీసు ఆడుకునేవాడు. తాతకి కబుర్లంటే సరదా అనుకున్నాడు చెంచయ్య. తండ్రి నోరు లేని మనిషి. ఎవరింటికీ వెళ్ళేవాడు కాదు. అలా ఆ తిరుగుడు ఆగిపోయింది. గీత ఒక్కటీ మిగిలింది.

ఇంతలో కాలం మారింది. బైపాసు రోడ్డు పడింది. దాని పక్కన నూలు మిల్లు, మిల్లు వెనక కాలేజీ, రెంటి మధ్యా కొత్త కాలనీ లేచాయి. చూస్తుండగానే కొండ్రుపాలెం ఊరు పోయి పట్నమైంది.

ఆ ఏడు కాలువ వదిలిన ఏడో రోజుకే నీళ్ళు గీతను తాకాయి. చెంచయ్య తాళంచెవి తీసుకుని తూము దగ్గరికి బయలుదేరాడు. ఆ దారినే పాలక్యాన్ల మోపెడ్ మీద ఆదెమ్మ ఎదురొచ్చింది. ఊళ్ళో సగం ఇళ్ళకి పాలు పోసేది ఆవిడే.

"అన్నా, అప్పుడే మూస్తన్నావా? ఇంకా మూడు రోజులు నీళ్ళొస్తాయిగా!" అంది.

"గీతకొచ్చాయిగా."

"గీతకొస్తే? కట్టకి ఇంకా రెండు మూరల చోటుంది. పోయినేడు కాలనీలో నలభై గడపలకి పోసేదాన్ని పాలు. ఈ ఏడు రెండొందలు దాటాయి. వాళ్ళందరికీ గొంతులున్నాయా, లేవా? పైగా అడుగున ఎంత పూడిక చేరిందో ఎవరు చూశారు? ఆ రాయి పైన ఎంతుందో చెప్తది గానీ, కింద ఎంతుందో చెప్పదుగా!"

చెంచయ్యకి చిర్రెత్తుకొచ్చింది. "పాలల్లో నీళ్ళు ఎన్ని కలపాలో నీకు తెలుసు, చెరువులో ఎన్ని ఉండాలో నాకు తెలుసు. నిన్నగాక మొన్న వచ్చినోళ్ళ కోసం మా తాత గీత చెరపమంటావా? ఉన్నదాంట్లో సర్దుకోమను!"

"నీ ఇష్టం అన్నా" అని ఆదెమ్మ మోపెడ్ తిప్పుకుని వెళ్ళిపోయింది. తూము మూతపడింది. మిగిలిన మూడు రోజులూ బంగారంలాంటి నీళ్ళు చెరువు పక్కనుంచే గలగలమంటూ కిందికి వెళ్ళిపోయాయి. చెంచయ్య కొత్త తువ్వాలు సర్దుకుంటూ చూస్తూ కూర్చున్నాడు.

ఆ వేసవిలోనే అతని ఒక్కగానొక్క కూతురు శైలజ తొలికాన్పుకి పుట్టింటికి వచ్చింది. చెంచయ్య కాళ్ళు నేలమీద నిలవలేదు. "నా మనవరాలికి తొలి నీళ్ళు మన చెరువు నీళ్ళే పోయాలి. నీకూ, నాకూ అవే పోశారు" అని రోజుకి పదిసార్లు అనేవాడు. ఆడపిల్లే పుడుతుందని ఎవరు చెప్పారో ఆయనకి!

చైత్రం గడిచేసరికి నీళ్ళు సగానికి దిగాయి. వైశాఖం నడుమకి అడుగున బురద కనిపించింది. ఒక ఉదయం చెంచయ్య కట్ట ఎక్కి చూస్తే చెరువు నోరు తెరుచుకుని ఉంది. పుట్టి బుద్ధెరిగాక అతను ఆ చెరువు అడుగు చూడలేదు. భుజం మీద తువ్వాలు తీసి చంకలో దాచుకున్నాడు.

ఊళ్ళోకి ట్యాంకర్లు వచ్చాయి. ఇంటికి రెండు బిందెలు, అదీ మూడు రోజులకోసారి. బిందెలు బిందెలు తగులుకున్నాయి, జుట్లు జుట్లు పట్టుకున్నాయి. "నీ గీత తాగమంటావా చెంచయ్యా?" అని ఒక ముసలమ్మ నడివీధిలో అడిగితే అతను తల వంచుకుని ఇంటిదారి పట్టాడు.

అదే వారంలో శైలజకి ఆడపిల్ల పుట్టింది. పదకొండో రోజు పురుడు. తల్లికీ బిడ్డకీ నీళ్ళు పోయాలి. ముందురోజు రావలసిన ట్యాంకర్ రాలేదు. చెంచయ్య భార్య అంజమ్మ కాగు బోర్లించి చూపించింది. చుక్క లేదు. పసిబిడ్డ ఉక్కకి గుక్కపట్టి ఏడుస్తోంది. ఊరంతటికీ నీళ్ళు కాసే మనిషి ఇంట్లో బిడ్డకి చెంబెడు నీళ్ళు లేవు. చెంచయ్య పెరట్లోకి పోయి మొహం గోడకి తిప్పుకున్నాడు.

"అన్నా!" అని వీధిలోంచి కేక. ఆదెమ్మ. ఆవిడ వెనక కాలనీ ఆడవాళ్ళు ఇరవైమంది ఉన్నారు. తలా ఒక చెంబు పట్టుకొచ్చారు. ముందు నిలబడిన జైబున్నీసా చెంబు కాగులో వంచుతూ, "ఆదెమ్మక్క చెప్పింది బాబాయ్. మా ఇంట్లో ఒకపూట వంట ఆగితే ఏమైతది? పసిబిడ్డ స్నానం ఆగకూడదు" అంది. ఒక్కొక్కరే వచ్చి చెంబు వంచారు. కాగు నిండింది.

నిన్నగాక మొన్న వచ్చినోళ్ళు. తన లెక్కలో లేనోళ్ళు. చెంచయ్య చేతులు జోడించాడు. కళ్ళనీళ్ళు ఆగలేదు. "తప్పయిపోయింది తల్లీ. ఆ రోజు నువ్వు చెప్పినప్పుడే వినాల్సింది" అన్నాడు ఆదెమ్మతో.

"ఏడిస్తే చెరువు నిండదులే గానీ, పార పట్టు" అంది ఆదెమ్మ.

మర్నాడే పూడికతీత మొదలైంది. పాతూరూ, కాలనీ, మిల్లు కూలీలూ, కాలేజీ పిల్లలూ అందరూ దిగారు. చెంచయ్య రాయి మొదట్లో తానే తవ్వుతున్నాడు. తూము పక్కన కదా, మట్టి అక్కడే నడుము ఎత్తు పేరుకుంది. జానెడు లోతు పోగానే పారకి రాయి తగిలి ఖణేల్మంది. చేత్తో బురద తుడిచి చూశాడు. అక్కడ ఒక గీత ఉంది. పాత గీత. ఇంకా కిందికి తవ్వితే మోకాలి ఎత్తున ఇంకొకటి, బాగా అరిగిపోయినది.

చెంచయ్య పార పక్కన పడేసి అలాగే కూర్చుండిపోయాడు. తాతకి ముందు ముత్తాత గీసింది ఒకటి, అంతకు ముందువాళ్ళు గీసింది ఒకటి. అంటే తాత తన పెద్దల గీత దగ్గర ఆగలేదు. ఊరు పెరిగింది కాబట్టి నిలువెత్తు పైకి జరిపాడు. ఎలా తెలిసింది ఆయనకి ఎంత జరపాలో? ఒక్కసారిగా అల్లం మజ్జిగ వాసన వచ్చినట్టయింది. అరుగులు, చాపలు, నడుముకి గుడ్డసంచి. "ఇంట్లో ఎందరమ్మా?"

"ఓరి నా తెలివి తెల్లారా! మా తాత కబుర్లకి తిరగలేదు ఆదెమ్మా, గొంతులు లెక్కపెట్టాడు. ఆ లెక్కతో నేను పచ్చీసు ఆడుకున్నాను" అన్నాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో అతనికే తెలియలేదు.

మరుసటి ఏడు కాలువ రావడానికి నెల ముందే చెంచయ్య నడుముకి గుడ్డసంచి కట్టుకున్నాడు. పాతూరు, బైపాసు, కాలనీ, కాలేజీ హాస్టలు, ఒక్క గడపా వదల్లేదు. కొందరు మజ్జిగ ఇచ్చారు, కొందరు కూల్‌డ్రింకు ఇచ్చారు. తాత మజ్జిగ రుచి ఎక్కడా దొరకలేదు గానీ, తాత మాత్రం ప్రతి గుమ్మంలోనూ పక్కనే నిలబడ్డట్టు అనిపించింది. జైబున్నీసా కోడలు నిండు చూలాలు. చెంచయ్య రెండు గింజలు వేశాడు. అన్నీ అయ్యాక ఇంటికి వచ్చి, ఇంకో దోసెడు గింజలు సంచిలో పోశాడు.

"అవి ఎవరికి నాన్నా?" అని అడిగింది, బిడ్డను చంకనేసుకుని చూడ్డానికి వచ్చిన శైలజ.

"ఇంకా ఊరికి రానోళ్ళకి" అన్నాడు చెంచయ్య.

సంచి తూకం చూసుకుని అందరూ కలిసి కట్ట ఎత్తు పెంచారు. రాయి మీద తాత గీతకి రెండు మూరల పైన చెంచయ్య కొత్త గీత గీశాడు. ఆ ఏడు పదో రోజు సాయంత్రం దాకా తూము తెరిచే ఉంది. భుజాన వెయ్యబోయిన తువ్వాలు అతను తీసి ఆదెమ్మ చేతికిచ్చాడు. ఆషాఢంలో మళ్ళీ కాలువ వచ్చేసరికి చెరువులో మనిషి మునిగేటన్ని నీళ్ళు మిగిలే ఉన్నాయి.

పెద్దల గీతకి పసుపు రాయడం ఎవరైనా చేస్తారు, వాళ్ళు గడపగడపకీ ఎందుకు తిరిగారో తెలుసుకున్నవాడే వాళ్ళ వారసుడు. నీళ్ళు దాచుకునే ఊరు, ఇంకా పుట్టని బిడ్డకి కూడా ఒక గింజ వేసుకోవాలి.