పాట ఆపని బోదురయ్య

నల్లతుమ్మల మధ్య ఒక కుంట ఉండేది. ఎండాకాలంలో అడుగు కనపడేది, వానాకాలంలో గట్టు దాటేది. ఆ కుంటలో బోదురయ్య అనే ముసలి బోదురుకప్ప ఉండేవాడు. అతని పాట చుట్టుపక్కల నాలుగు చెరువుల్లో పేరుమోసింది. పేరు వచ్చింది గొంతు వల్ల మాత్రమే కాదు. గట్టు మీద అడుగు పడితే ఏ కప్ప అయినా పాట ఆపేస్తుంది. అది కప్పల పద్ధతి. బోదురయ్య ఆపడు. గేదెల మంద దిగినా ఆపలేదు, పిడుగు పడినా ఆపలేదు. అందుకే పిల్లకప్పలు అతన్ని చూస్తే పక్కకి జరిగి దారి ఇచ్చేవి.

ఆ ఏడు వాయుగుండం పట్టి కార్తీకంలో కూడా వానలు కురిశాయి. మామూలుగా ఆ పాటికి బురదలోకి దిగి నిద్రపోవలసిన బోదురయ్య ఇంకా పైనే ఉన్నాడు. అప్పుడే మంచుకొండల అవతలి నుంచి వలస బాతులు వచ్చి కుంట నడుమ వాలాయి. బలిసిన బాతులు. పగలంతా నీళ్ళలోనే ఈదేవి, సాయంత్రమైతే ఒడ్డు వైపు కూడా చూసేవి కావు.

నక్క చూసేది. గట్టు మీద కూర్చుని, గుటకలు మింగుతూ చూసేది.

ఒక ఉదయం నక్క నీళ్ళ అంచుకి వచ్చి వంగి దండం పెట్టింది.

"బోదురయ్య గారూ, తమరు ఇంత గొప్పవారని నాకు ఇన్నాళ్ళూ తెలియకపోయింది. సిగ్గుగా ఉంది."

"ఇప్పుడెలా తెలిసింది?" అన్నాడు బోదురయ్య, ఒక కన్ను మాత్రం తెరిచి.

"ఆ బాతులు మాట్లాడుకుంటుంటే విన్నాను. వాళ్ళ దేశంలో మంచు సరస్సుల దగ్గర పొద్దున లేస్తే తమరి పేరేనట. పిల్లలకి జ్వరం వస్తే తమరి పాట పాడతారట. ఇంత దూరం ఎగిరి వచ్చింది కూడా తమరి కోసమేనట. అడగడానికి మొహమాటపడుతున్నారు, పాపం, పరాయి దేశంవాళ్ళు."

బోదురయ్య రెండో కన్ను కూడా తెరిచాడు. గొంతు కింద సంచి దానంతటదే ఉబ్బింది.

"నా పాట అంత దూరం పోయిందా?"

"పోకుండా ఉంటుందా గురువుగారూ! రేపు సాయంత్రం ఆ దక్షిణపు గట్టు మీద ఒక కచేరీ పెట్టండి. తమరే పిలవండి. తమరు పిలిస్తే వాళ్ళు రాకుండా ఉండగలరా?"

"నువ్వు కూడా వస్తావా?"

"నేనా? దూరంగా పొదలో కూర్చుని వింటాను. నన్ను చూస్తే వాళ్ళు బెదురుతారు."

బోదురయ్య అప్పటికప్పుడు ఈదుకుంటూ వెళ్ళాడు. బాతుల్లో పెద్దది, తల మీద నల్లగీతలున్న ముసలి ఆడబాతు, కావలి కాస్తోంది.

"అమ్మా, నేను బోదురయ్యని."

"ఎవరు?" అంది బాతు.

"బోదురయ్యని! గాయకుణ్ణి!"

"ఓహో." బాతు అతన్ని పైనుంచి కిందికి చూసింది. "ఏం కావాలి?"

"రేపు సాయంత్రం గట్టు మీద పాడుతున్నాను. మీరందరూ రావాలి."

"మేము గట్టెక్కము."

"ఇంటివాడు పిలిస్తే కూడానా?"

బాతు చాలాసేపు ఆలోచించింది. వాళ్ళ దేశంలో నీటి సొంతదారు పిలిస్తే వెళ్ళకపోవడం పెద్ద తప్పు. "కాసేపు వస్తాము," అంది చివరికి, ఏమాత్రం ఇష్టం లేనట్టు.

బోదురయ్య సంతోషంతో తిరిగి వచ్చి రాయి మీద ఎండకి కూర్చున్న తాబేలు ముందు వాలాడు. ఆ తాబేలు వయసులో అతని కన్నా పెద్దది. ఎవరేం చెప్పినా ముందు తల లోపలికి లాక్కుని, తరువాత ఆలోచించి బయటకి పెట్టే రకం.

"అక్కా, విన్నావా? మంచుకొండల అవతల నా పాట లేనిదే తెల్లవారదట!"

తాబేలు తల లోపలికి పోయింది. కాసేపటికి బయటికి వచ్చింది.

"ఎవరు చెప్పారు?"

"నక్క బావ."

"బాతులేమన్నాయి?"

"ఎవరు అని అడిగింది పెద్దబాతు... మొహమాటం అక్కా."

"ఒరే తమ్ముడూ, ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నువ్వు పాడేదెప్పుడు?"

"తొలకరి నుంచి. వానలు ఆగేదాకా."

"తరువాత?"

"బురదలోకి దిగి పడుకుంటాను."

"నువ్వు పడుకున్నాక కదా ఆ బాతులు వచ్చేది? నువ్వు లేవకముందే కదా వెళ్ళిపోయేది? వాళ్ళు నీ పాట ఏ చెవితో విన్నార్రా?"

బోదురయ్య గొంతు సంచి మెల్లగా చప్పబడిపోయింది. ఒక తూనీగ వచ్చి ముక్కు ముందే ఎగిరినా నాలుక చాచలేదు.

"మరి నక్క ఎందుకు చెప్పినట్టు?"

"నాకేం తెలుసు? కానీ ఈ కుంటలో ఇంత మంది కప్పలుండగా నిన్నే ఎందుకు పొగిడింది? అడుగు చప్పుడు వినపడినా ఆపనివాడివి నువ్వొక్కడివే. నీ పాట మోగుతుంటే దాని వెనక నడిచేవాడి అడుగులు ఎవరికి వినపడతాయి?"

బోదురయ్య నీళ్ళ నడుమకి చూశాడు. బాతుపిల్లలు తల్లి వెనక వరసగా ఈదుతున్నాయి.

"వెళ్ళి రావద్దని చెప్పు," అంది తాబేలు.

"చెప్పను."

"పిచ్చా నీకు?"

"పిలిచిన నోటితో వద్దని ఎలా అంటాను? వద్దన్నాననే అనుకో. నక్క రేపు ఇంకో ఎత్తు వేస్తుంది. అప్పుడు దాని అడుగు పసిగట్టడానికి నేను అక్కడ ఉండను."

"నీ పాట పిచ్చికి ఆ పిల్లలు బలైతేనో?"

బోదురయ్య నీళ్ళలోకి మునిగాడు. తాబేలుకి అతని మీద కూడా అనుమానం పట్టుకుంది. తనెవరో తెలియని వాళ్ళకి ఒక్కసారైనా పాట వినిపించాలన్న ఆశ గాయకుణ్ణి ఎంత దూరమైనా తీసుకెళుతుందని దానికి తెలుసు.

మర్నాడు పొద్దు వాలుతుండగా బాతులు గట్టెక్కాయి. నక్క చెప్పిన ముళ్ళపొద ముందు పచ్చిక మీద కూర్చోబోయాయి.

"అక్కడ కాదమ్మా, ఇటు," అన్నాడు బోదురయ్య. "ఇక్కడైతే గొంతు బాగా మోగుతుంది."

అతను చూపించిన చోటుకీ పొదకీ మధ్య గేదెలు పొర్లి పొర్లి లోతు చేసిన బురదమడుగు ఉంది. దాని మీద గుర్రపుడెక్క దట్టంగా అల్లుకుపోయి చూడ్డానికి పచ్చగడ్డిలాగే ఉంది. పొదలో నక్క మూతి నాక్కుంది. కాస్త దూరమైతేనేం, ఒక్క దూకు.

పాట మొదలుపెట్టే ముందు బోదురయ్య గట్టిగా అన్నాడు. "మా కుంటలో ఒక ఆచారం ఉంది. నేను పాడినంతసేపూ కూర్చోండి. నేను ఆపిన క్షణం లేచి ఎగిరిపోవాలి. మెచ్చుకోడానికి కూడా ఆగకూడదు. ఆగితే నాకు అవమానం."

"వింత ఆచారం," అంది ముసలి బాతు. అయినా అతిథి కాబట్టి తల ఊపింది.

పొదలో నక్క లోలోపల నవ్వుకుంది. ఇతను ఆపడమేమిటి! పిడుగు పడితేనే ఆపలేదు.

బోదురయ్య పాడాడు. ముందు ఎండిన నేల మీద పడే మొదటి చినుకుల్లా పాడాడు. తరువాత వాగు వచ్చినట్టు పాడాడు. పిల్లలు అల్లరి మానేశాయి. ముసలి బాతు మెడ చాచి, కళ్ళు మూసుకుంది. ఎవరని అడిగిన బాతు అదే! బోదురయ్య ఒళ్ళు పులకరించింది. పాటలో అన్నిటికన్నా గొప్ప చోటు ఇంకా ముందుంది. జీవితమంతా దాచుకున్న చోటు అది.

అప్పుడు పొట్ట కింద మట్టి కదిలింది. మెత్తని అడుగు.

ఇంకొక్క చరణం, అనుకున్నాడు. ఒక్కటే.

మళ్ళీ అడుగు. నీళ్ళలోంచి చూస్తున్న తాబేలు ఈసారి తల లోపలికి లాక్కోలేదు. అతని గొంతు వైపే చూసింది.

బోదురయ్య పాట మింగేశాడు.

గట్టంతా నిశ్శబ్దమైపోయింది. ముసలి బాతు కళ్ళు తెరిచింది, ఆచారం గుర్తొచ్చింది, రెక్క విప్పింది. మంద మొత్తం ఒక్కసారి లేచింది. నక్క అదే క్షణంలో దూకింది. గుర్రపుడెక్క చీలి, కడుపు దాకా బురదలో కూరుకుపోయింది. దాని తల మీద నుంచే ఎగురుతూ ముసలి బాతు రెక్కతో ఒక్క దెబ్బ వేసి మరీ పోయింది.

"గురువుగారూ!" అని అరిచింది నక్క, బురద ఉమ్ముతూ. "మధ్యలో ఆపేశారేమిటి?"

"గొంతు పట్టేసింది బావా," అన్నాడు బోదురయ్య. "నీ పొగడ్త కాస్త ఎక్కువైనట్టుంది."

"దూరంగా వింటానన్నావుగా," అంది తాబేలు. "మా దగ్గర ముందు వరసలో కూర్చునేవాళ్ళు ఆ బురదలోనే కూర్చుంటారు."

చీకటి పడ్డాక ఎలాగో గింజుకుని బయటపడిన నక్క మళ్ళీ ఆ గట్టు వైపు రాలేదు.

పై ఏడు కార్తీకంలో కూడా వాన పడింది. బాతులు వచ్చాయి, అంతకు ముందు కన్నా ఎక్కువ. కొత్త పిల్లలన్నీ వాలగానే అడిగాయి, "ఆయన ఏరి? ఆయన ఏరి?" అని.

బోదురయ్య వెంటనే రాలేదు. తాబేలుని పంపాడు. "ఎందుకు అడుగుతున్నారో కనుక్కో అక్కా. వాళ్ళ వెనక ఎవరైనా ఉన్నారేమో కూడా చూడు."

తాబేలు వెళ్ళి, చాలాసేపటికి తిరిగి వచ్చింది.

"నిజమేరా. మంచు సరస్సుల దగ్గర నీ పేరు చెప్పకుండా పిల్లలకి ఎగరడం నేర్పరట."

"నా పాట పాడుకుంటున్నారా?"

"పాట ఎవరికీ గుర్తు లేదట. నువ్వు ఆపిన చోటు మాత్రం అందరికీ గుర్తుందట."

బోదురయ్య చాలాసేపు గొణిగాడు. తరువాత గొంతు సవరించుకుని ఈదుకుంటూ వెళ్ళాడు.

పాట విననివాడు గాయకుణ్ణి పొగిడితే, వాడి ఆకలి ఎవరి మీద ఉందో ముందు కనుక్కోవాలి.