మూట ముందు, ప్రయాణం వెనక

ఎర్రగుట్ట వాలులో మంగతాయి అనే ముళ్లపంది తన ఇద్దరు పిల్లలతో బొరియలో కాపురం ఉండేది. గుట్ట అవతల పుట్టింటి దగ్గర ఇప్పపూలు రాలుతున్నాయని కబురొచ్చింది. పిల్లల్ని అక్కడికి తీసుకెళ్దామని మూట కట్టింది గానీ దాని కాలు కదలడం లేదు. లోపలి గదిలో వానాకాలానికి దాచిన దుంపలున్నాయి. అవి పోతే ముసురు పట్టినప్పుడు పిల్లలకు పస్తే.

దుంపల మీద ఆకులు కప్పింది. తీసి చూసింది. మళ్ళీ కప్పింది. వాకిట్లో మట్టి పోగు చేస్తుంటే నక్క వచ్చి ఆగింది.

"ఏమక్కా, ప్రయాణమా?"

"ఆఁ, ఏదో అనుకుంటున్నాం" అని మంగతాయి నసిగింది.

"అమ్మమ్మ వాళ్ళింటికి, పది రోజులు మామయ్యా!" అంది చిన్నది.

తల్లి దాన్ని గిల్లింది. నోరు జారాక గిల్లి ఏం లాభం?

"నిశ్చింతగా వెళ్ళిరండి. ఇంటికి నేనున్నాగా" అంది నక్క.

"నీకెందుకు తమ్ముడూ శ్రమ? వాకిళ్ళు రెండూ మట్టితో మూసేస్తాను."

"పిడికెడు దుంపలకు ఇంత చాదస్తమా? నువ్వు బయల్దేరేసరికి ఇప్పపూలు కాయలవుతాయి."

నక్క నవ్వుకుంటూ వెళ్ళి పొద మాటున కూర్చుంది. కాసేపటికి మంగతాయి ముందు వాకిలి మూసి, మూట నెత్తిన పెట్టుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని మలుపు తిరిగింది.

నక్క మరో ఘడియ ఓపిక పట్టింది. తర్వాత వచ్చి మట్టి తవ్వి, కళ్ళు మూసుకుని తల లోపలికి తోసింది. మరుక్షణం కుయ్యోమంటూ వెనక్కి పడింది. మూతి నిండా ముళ్ళు.

లోపల మంగతాయి వాకిలికి వీపు ఆనించి మట్టి అదుముతోంది.

"ఎవరూ? నువ్వా తమ్ముడూ?"

"నువ్వు వెళ్ళలేదా? మూట పోవడం నా కళ్ళతో చూశానే."

"సర్దడం తెమల్లేదు, మంచి ఘడియేమో దాటిపోతోంది. అందుకని ప్రయాణం మొదలైనట్టు లెక్కకు మూట ముందుగా తీసుకెళ్ళి తాబేలు తాత ఇంట్లో ప్రస్థానం పెట్టి, వెనక వాకిలి గుండా తిరిగొచ్చాం. అసలు ప్రయాణం ఎండ తగ్గాక."

మూటా ముహూర్తమూ ఎరగని జాతి. నక్కకు ప్రస్థానం సంగతేం తెలుసు?

"కాపలా ఉందామనే వచ్చానక్కా" అని మూలిగింది.

"మరి తలుపు తవ్వావెందుకు?" అంది చిన్నది. ఈసారి తల్లి గిల్లలేదు.

మంగతాయి జాలిపడి నక్క మూతికి గుచ్చుకున్న ముళ్ళు ఒక్కొక్కటే పీకింది. అది మూలుగుతూ పోయాక, వాకిలి మళ్ళీ మూస్తూ పిల్లలతో అంది: "ఆ పుండు మానడానికి పది రోజులు పడుతుంది. అందాకా మూతి మట్టికి ఆనించలేదు. ఎండా తగ్గింది, ఇక పదండర్రా."

పిల్లలు ముందు పరిగెత్తారు. మంగతాయి మాత్రం ఒక్కసారి, ఒకే ఒక్కసారి, వెనక్కి తిరిగి చూసి గుట్ట ఎక్కింది.

నీతి: ఒకరి జాగ్రత్తను చాదస్తమని నవ్వేవాడికే దాని ముల్లు ముందుగా గుచ్చుకుంటుంది.