ఏటి నడుమ కొత్వాలు

మల్లేరు రాజ్యంలో ఒక శాసనం ఉండేది. ఎవరినైనా బందీని చేస్తే నేరం చెప్పి, ఆ రోజే రాజుగారి ముందు నిలబెట్టాలి. కొత్వాలు రణధీరయ్య మహా గడుసు. ఎవరినీ బందీని చేసేవాడు కాదు. ఠాణా అరుగు మీద కూర్చోబెట్టి, "ఊరికే ఆపానంతే" అనేవాడు. లేవబోతే మాత్రం బల్లేలు అడ్డం పెట్టించేవాడు.

ఆ పొద్దున పడవ నడిపే సింహాద్రిని అలాగే కూర్చోబెట్టాడు. తనకంటే ముందు పురిటి నొప్పుల మనిషిని ఏరు దాటించాడని కోపం.

మధ్యాహ్నం అవతలి ఒడ్డున డప్పులు మోగాయి. కొత్వాలుకు రాజుగారు బంగారు కడియం తొడిగే వేళ! పరుగున వచ్చి పడవెక్కాడు. తెడ్డు పట్టుకున్నది సింహాద్రి పెళ్ళాం పైడమ్మ. ఏటి నడుమకు చేరగానే తెడ్డు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఏమే, ఆపావేం?"

"ఊరికే ఆపానంతే, బాబూ. మిమ్మల్ని నేనేమైనా కట్టేశానా? దిగి వెళ్ళండి."

చుట్టూ సుడులు! ఒడ్డున రాజుగారు లేచి నిలబడ్డారు. డప్పులు ఆగిపోయాయి. కొత్వాలు గొంతు చించుకున్నాడు. "కదలడానికి వీల్లేకుండా చేస్తే, అది బందీని చేయడం కాక మరేమిటే!"

ఆ కేక ఒడ్డుదాకా వినిపించింది. పైడమ్మ అంతకంటే గట్టిగా అరిచింది. "అయితే మా ఆయన పొద్దుట్నుంచీ బందీయే! నేరమేమిటో రాజుగారికి చెప్పండి!"

పడవ ఒడ్డు చేరింది. కొత్వాలు నోట నేరం రాలేదు. రాజుగారు కడియం మళ్ళీ పెట్టెలో పెట్టించి, సింహాద్రిని వదలమన్న ఆజ్ఞ పైడమ్మ చేతికిచ్చారు. ఆమె గబగబా పడవ తోసింది.

"మరి నేనెలా వచ్చేది?" అన్నాడు కొత్వాలు ఒడ్డున నిలబడి.

"మిమ్మల్నెవరూ ఆపలేదు బాబూ, రండి!" అంది పైడమ్మ, తెడ్డు వేస్తూ.