ఇద్వల్ పెట్టిన రాయి

వేల్స్ కొండల్లో పలకరాతి గని పనివాళ్ళ కోసం పన్నెండు రాతి ఇళ్ళు ఒకే వరసలో లేస్తున్నాయి. ఈ ఇంటి పక్కగోడే పొరుగింటికీ గోడ. పన్నెండింటికీ కలిపి ఒకటే కప్పు. కట్టేది ముసలి మేస్త్రీ ఎమ్రిస్. ఆయన దగ్గర ఆరేళ్ళుగా పని నేర్చుకుంటున్నవాడు ఇద్వల్.

ఇద్వల్‌కు ఒకటే దిగులు. చివరి ఇంటి మూల తన చేతికి వస్తుందా, రాదా? మూల ఎత్తితేనే మేస్త్రీ అన్నమాట అక్కడ. తన తర్వాత చేరినవాళ్ళు కూడా మూలలు ఎత్తేశారు. గురువు మాత్రం తనకెప్పుడూ నడిమి గోడే చూపిస్తాడు. కడుపు మండదూ మరి!

ఒకరోజు గనిలోంచి మంచి రాయి వచ్చింది. మూరన్నర పొడవు, చక్కటి చదును. ఇద్వల్ పొద్దున్నే దాన్ని ముందు గోడలో వీధివైపు అడ్డంగా పరిచాడు. పొడవంతా బయటికే కనబడేలా పెట్టి, దానిమీద ఇంకో వరస కూడా వేసేశాడు. ఆదివారం ప్రార్థనకు పోయేవాళ్ళు ఆగి చూడకపోతారా అని తెగ మురిసిపోయాడు.

మధ్యాహ్నం ఎమ్రిస్ వచ్చి చూశాడు.

"బాగుందిరా. ఎవరు పెట్టారు?"

"నేనే గురువుగారూ."

ఆయన గునపం అందించాడు. "ఏదీ, లాగు."

ఇద్వల్ మొహం మాడిపోయింది. అయినా సందులో మొన దూర్చి ఒక్క పట్టు పట్టాడు. రాయి అమాంతం ఊడి గడ్డిలో పడింది. మీది రాళ్ళూ దానితోపాటే దొర్లాయి.

"ఇప్పుడు దీన్ని లాగు."

గురువు చూపించింది అదే గోడలో ముందురోజు ఆయన స్వయంగా పెట్టిన రాయి. బయటికి అరచేతంత కనిపిస్తోంది, అంతే. ఇద్వల్ లాగాడు. గోడకు కాలు తన్నిపట్టి లాగాడు. చెమటలు కక్కాడు. రాయి కదిలితే ఒట్టు.

అనుమానమొచ్చి ఇంట్లోకి వెళ్ళి చూశాడు. అదే రాయి రెండో కొస లోపలివైపు, పొయ్యి పక్కన కనిపించింది. గోడ మందమంతా ఆ ఒక్క రాయే.

ఇద్వల్‌కు సిగ్గేసింది. బయటికి వచ్చి గడ్డిలోని రాయిని కడిగాడు. ఈసారి కొస వీధివైపు ఉంచి, మిగతాదంతా గోడలోకి పెట్టాడు. సున్నం వేసి, పైన రెండు వరసలు ఎత్తేసరికి సాయంత్రమైంది. ఒళ్ళు హూనమైనా మనసు మాత్రం హాయిగా ఉంది.

ఎమ్రిస్ వీధిలోకి పోయి నిలబడ్డాడు. "నీ రాయి ఏదిరా?"

ఇద్వల్ చెయ్యెత్తాడు. ఇదిగో ఇదే. కాదు, దాని పక్కది. ఉహుఁ, కింది వరసలోది. వెతికి వెతికి ఫక్కున నవ్వేశాడు.

"నాకే దొరకడం లేదు గురువుగారూ."

ఎమ్రిస్ కోటు భుజాన వేసుకున్నాడు.

"రేపు మూల ఎత్తు."