గంజిగుడి మైదాన మాహాత్మ్యం

సింగివలస జంక్షన్‌లో రైలు దిగి పరిశుద్ధ తోమా దేవాలయానికి దారి అడిగితే ఆటోవారు తెల్లమొహం వేస్తారు. గంజిగుడి అనండి, మారుమాట లేకుండా వాకిట్లో దింపుతారు. లోపల బలిపీఠం మెట్టు మీద, కొవ్వొత్తుల పక్కన ఒక పాత తోలు ఫుట్‌బాల్ దర్శనమిస్తుంది. భక్తులు దానిని తాకవచ్చు, తన్నరాదు. తన్నదలచినవారికి వెనుక మైదానంలో వేరే బంతులున్నాయి.

ఏటా నవంబరు మొదటి ఆదివారం ఇక్కడ కోత పండుగ. ఆనాడు తెలుగు, మలయాళం, తమిళం, ముండారీ పాటలు ఒకే ఆరాధనలో వినిపిస్తాయి. ఇటీవల నర్సింగు కాలేజీ మిజో అమ్మాయిలు, ఇంజనీరింగు చదివే టాంజానియా విద్యార్థులు కూడా తమ పాటలు చేర్చారు. ఆరాధన కాగానే ఒకే గంగాళంలోని గంజి, ఆ వెంటనే ఆట. ఈ వింత ఆచారం ఎలా వచ్చిందో యాత్రికుల కోసం చెబుతున్నాం.

పూర్వం ఇక్కడ గుడి ఒకటే గాని సంఘాలు నాలుగు. పూర్వమంటే కృతయుగం కాదు, జంక్షన్‌లో బొగ్గు ఇంజన్లు తిరిగిన కాలం. ఊరివారు, మిషను ఆసుపత్రి మలయాళీలు, రైల్వే తమిళులు, వాగన్లకు సరుకెత్తే ముండా గిరిజనులు. నలుగురూ ఒకే దేవుణ్ణి నాలుగు వేళల్లో, ఒకరి మొహం ఒకరు చూడకుండా కొలిచేవారు. ఇల్లాళ్ళు పొయ్యి వెలిగించే ముందు దేవుడి పేర తీసిపెట్టే పిడికెడు బియ్యం కూడా నాలుగు డబ్బాల్లో వేరువేరుగా ఉండేది. ఎవరి పండుగ వంట వారి డబ్బాలోంచే.

గంట కొట్టేదీ, ఊడ్చేదీ, డబ్బాలు కాచేదీ కరుణమ్మ. ఆమె భర్త యాకోబు గుడి వెనుక రాళ్ళదిబ్బను మూడేళ్ళు ఒంటిచేత్తో ఏరి మైదానం చేసి, నాలుగో ఏట కన్నుమూశాడు. పిల్లలు లేని కరుణమ్మకు ఆయన జ్ఞాపకంగా మిగిలింది ఆ నేల ఒక్కటే. అయితే దస్తావేజు రైల్వే వాగన్ల షెడ్డు పేర ఉంది. ఆ ఏడు షెడ్డుకు పాత చక్రాలు పడేసే చోటు కావలసివచ్చింది. షెడ్డు నడిపే దొరకు ఫుట్‌బాల్ పిచ్చి. పెద్దలు వెళ్ళి బతిమాలితే, "పండుగనాడు మా జట్టుతో ఆడండి. గెలిస్తే నేల మీది. ఓడితే సోమవారం చక్రాలు దింపుతాం" అన్నాడు.

ఆడటానికి నాలుగు సంఘాలూ సిద్ధమే, కలిసి ఆడటానికి ఒక్కటీ సిద్ధంగా లేదు. మా పదకొండుమందే ఆడాలని నాలుగు వైపులా పట్టు. ఇల్లు కాలుతుంటే బావి ఎవరు తవ్వాలని పోట్లాడుకున్నట్టయింది వ్యవహారం.

పండుగకు మూడు రోజుల ముందు కరుణమ్మ పురుగు పట్టకుండా నాలుగు డబ్బాల బియ్యాన్నీ నాలుగు చాపల మీద ఎండబోసింది. ఉన్నట్టుండి తుఫాను వాన దిగింది. ఒంటరి మనిషి, చేతికందిన చాపనల్లా ఎత్తి ఒకే గంగాళంలోకి దులిపింది. గింజ తడవలేదు గాని ఊరివారి పచ్చిబియ్యం, మలయాళీల దొడ్డు ఎర్రబియ్యం, తమిళుల ఉప్పుడుబియ్యం, ముండాల ముతకబియ్యం ఏకమైపోయాయి.

ఊరి సంఘం పెద్ద సంసోను మేస్త్రి తల పట్టుకున్నాడు. "ఏటప్పా ఇలగ సేసినావు? ఒకటి ఉడికేసరికి ఇంకోటి సంకటైపోద్ది కదా!"

మలయాళీల పెద్ద కురియాకోస్ కాంపౌండరు మరీ నొచ్చుకున్నాడు. పండుగలోగా ఎవరి గింజలు వారికి ఏరిపెట్టాలని నలుగురు పెద్దలూ తీర్మానించారు. నలుగురూ కలిసి చేసిన మొదటి తీర్మానం అదే!

కరుణమ్మ చేట పట్టుకుని రెండు రోజులు ఏరింది. దోసెడు కూడా తెమలలేదు. రెండో రోజు మధ్యాహ్నం వరండాలో కునుకు పట్టగా కలలో యాకోబు తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చాడు. "రాళ్ళంటే ఏరీసినాను. గింజల్నెందుకే ఏరతన్నావు?" అన్నాడు. కరుణమ్మ లేచి చేట గోడకు ఆనించేసింది.

పండుగనాడు నాలుగో ఆరాధన ముగిసి నాలుగు సంఘాలూ బియ్యానికి వచ్చేసరికి పొయ్యి మీద గంగాళం కుతకుతలాడుతోంది. అన్ని బియ్యాలూ కరిగి చిక్కని గంజి అయ్యాయి. ఉప్పు, మజ్జిగ, నాలుగిళ్ళ ఊరగాయలు పక్కనున్నాయి.

"ఏరలేదా?" అన్నాడు మేస్త్రి.

"ఏరను బాబూ. మిమ్మల్ని ఇడదియ్యడానికేటి దేవుడు నాకు చేతులిచ్చినాడు? ఆకలేత్తే తాగండి, నేకపోతే ఎల్లండి."

ఆకలి రుచి ఎరగదు, కులగోత్రాలు అంతకంటే ఎరగదు. ఒక్కొక్కరే గిన్నెలు చాచారు. అందరూ తాగాక కరుణమ్మ దాచిన చేటెడు కలిపిన బియ్యం తెచ్చింది. ఆమె షరతు ఒకటే: కుర్రకారు కళ్ళు మూసుకుని తలా ఒక గింజ తీయాలి. ఎర్రగింజ వచ్చిన మొదటి పదకొండుమందే ఆడాలి. మేస్త్రి కొడుక్కి ఎర్రగింజ రాలేదు. మేస్త్రి మొహం మాడింది గాని, కడుపులో గంజి చల్లగా ఉండటంతో నోరు లేవలేదు.

ఆట మొదలైంది. షెడ్డువారికి బూట్లు, మనవారిలో సగానికి వట్టి కాళ్ళు. అంతకంటే పెద్ద చిక్కు, ఒకడు తెలుగులో బంతి అడిగితే ఇంకొకడు ముండారీలో ఏమిటనేవాడు. సగం ఆటకే మనవారి మీద రెండు గోల్స్ పడ్డాయి. సోమవారం చక్రాలు తోలాల్సిన లారీ డ్రైవరు అప్పుడే ఇంజను తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

విరామంలో కరుణమ్మ గీత దాటి లోపలికి వచ్చింది. "ఒరే, పొద్దున్నుంచి మీ నాలుగు ప్రార్థనలూ ఇన్నాను. మన తెలుగొదిలేత్తే మిగతా మూడిట్లో నాకు ఒక్క ముక్క తెలవలేదు, ఆమేన్ తప్ప! అది మీ అందరికీ వచ్చు కదా. బంతి కావాలంటే అదే అరవండి."

ఆ తర్వాతి ఆటను చూసినవారు ముసలివారయ్యాక కూడా లేచి నిలబడి చెప్పేవారు. ఎడమనుంచి ఆమేన్, బంతి ఎడమకు. కుడినుంచి ఆమేన్, బంతి కుడికి. షెడ్డువారు ఎవరిని కాయాలో తెలియక బొంగరాల్లా తిరిగారు. ఒక గోల్, ఇంకో గోల్. గట్టు మీది జనం కూడా ఆమేన్ అందుకున్నారు. చివరి నిమిషంలో తమిళ గోల్‌కీపరు జ్ఞానమణి బంతిని విసిరాడు. అవతలి కొసన బుధువా అనే ముండా కుర్రవాడు వట్టి కాళ్ళతో దూసుకుపోయాడు. యాకోబు ఏరిన నేల, ఒక్క రాయి గుచ్చుకోలేదు. మూడో గోల్!

సంసోను మేస్త్రి కురియాకోస్‌ను ఎత్తి భుజాన వేసుకున్నాడు. కరుణమ్మ నేల మీద కూలబడి, మట్టి మీద చెయ్యి వేసి, అందరూ చూస్తుండగానే ఏడ్చింది, నవ్వింది. దొర మాట తప్పలేదు. మొదట ఒక గిన్నె గంజి అడిగి తాగి, దస్తావేజు మార్పిస్తానని అక్కడే ప్రకటించాడు, నెల తిరగకుండా మార్పించాడు. తర్వాతి ఆదివారం కరుణమ్మ గంట ఒక్కసారే కొట్టింది. నలుగురూ ఒకేసారి వచ్చారు.

ఆనాటి బంతి బలిపీఠం మెట్టెక్కింది. నేటికీ షెడ్డు జట్టుతోనే ఆట. ఓడినవారు గిన్నెలు తోమాలి, గెలిచినవారు వచ్చే ఏడు గంజి వండాలి. ఇక్కడ గంజి తాగితే మొండి పగలు చల్లారతాయని ప్రతీతి. అందుకే పంపకాల తగాదాల్లో ఉన్న అన్నదమ్ములు దూరదూరాలనుంచి, కులమతాల పట్టింపు లేకుండా వస్తారు. వచ్చేటప్పుడు రెండు ఆటోల్లో దిగుతారు. గంజి తాగి, గింజ తీసి, గుడి జట్టులో కలిసి ఆడతారు. సాయంత్రం ఆట ముగిశాక ఒకే ఆటోలో ఇరుక్కుని కూర్చుని, ఎవరి వల్ల ఓడిపోయామో వాదించుకుంటూ వెళ్ళడం ఈ గుడి మెట్ల మీదనుంచి మేము చాలాసార్లు చూశాం.