గట్టు చూసిన దాలమ్మ

అనగనగా, మీ తాతల తాతలు ఇంకా ఉయ్యాల దిగని కాలాన, తెల్లేరు అనే ఏటి పక్కన మేఘపురి అనే రాజ్యం ఉండేది. దాన్ని సుచంద్రుడనే రాజు ఏలేవాడు. మంచివాడే. కాకపోతే మంచి రాజులకుండే చిక్కే ఆయనకూ ఉండేది. కోటలో ఆయన ఒక మాట చెబితే, అది ఊళ్ళకు చేరేసరికి మరో మాట అయ్యేది.

ఆ రాజ్యంలో గట్టువలస అనే పల్లె ఉంది. ఏటికీ ఊరికీ మధ్య మూడు నిలువుల ఎత్తు మట్టిగట్టు ఉండేది. ఆ గట్టు నిలిస్తే ఊరు నిలిచినట్టు, అది తెగితే ఊరు ఏటిపాలే.

ఆ ఊళ్ళో దాలమ్మ అనే ముసలామె ఉండేది. నలభై ఏళ్ళు ఊరందరి పొలాల్లో నాట్లు వేసింది. వంగి నాటింది, వంగి కలుపు తీసింది, వంగి కోసింది. ఒకనాడు ఇక లేద్దామని చూస్తే నడుం లేవలేదు. అప్పటినుంచీ ఆమె ముఖం నేలవైపే ఉండిపోయింది. ఎదుటి మనిషి ముఖం చూడాలంటే మెడ తిప్పి ఓరగా చూడాలి. అందుకే ఊళ్ళోవాళ్ళని పాదాలు చూసి గుర్తుపట్టేది.

మొగుడు పోయాడు, పిల్లలు లేరు. నడుం వంగాక పొలం పనికి పిలిచేవాళ్ళూ లేరు. వీధిలో కనిపిస్తే మాత్రం అందరూ "అయ్యో పాపం!" అని గిద్దెడు గింజలు ఒడిలో పోసేవారు. గింజలు కడుపులోకి దిగేవి గానీ, ఆ మాట గొంతు దిగేది కాదు. "నలభై ఏళ్ళు ఈ ఊరికి అన్నం నాటినదాన్ని, నాకీ మాటేటి?" అని దాలమ్మ తనలో తాను గొణుక్కునేది.

ఇలా ఉండగా ఒకనాడు రాజు రాజధాని వీధుల్లో వెళుతూ మూడుచోట్ల అదే మాట విన్నాడు. కాలు లేని జాలరిని చూసి ఎవరో "అయ్యో పాపం" అన్నారు. చూపు లేని మేదరివాణ్ణి చూసి మరెవరో అన్నారు. మొగుడు పోయి పిల్లలతో ఉన్న ఇల్లాలిని చూసి ఇంకెవరో అన్నారు. రాజు మనసు చివుక్కుమంది. కొలువుకు వచ్చి ఆజ్ఞ ఇచ్చాడు.

"నా రాజ్యంలో ఒకరిని చూసి ఇంకొకరు 'అయ్యో పాపం' అనవలసిన అవసరం రాకూడదు! పనిలేనివారికి పని చూపించండి. ఊరూరా గట్లు బాగుచేయించండి. పనిచేసినవారికి వారానికి కుంచెడు చోళ్ళు కూలి ఇవ్వండి."

చోళ్ళంటే రాగులే. ఆజ్ఞ బంగారంలాంటిది. కానీ అది విన్న అధికారుల చెవులు మాత్రం ఎవరివి వారివే.

మొదటి అధికారి చెవిలో 'అనవలసిన' అన్న ముక్క ఒక్కటే పడింది. ఆయన గట్టువలస వచ్చి దండోరా వేయించాడు. "ఇందుమూలముగా సమస్త ప్రజలకూ తెలియజేయునది ఏమనగా, నేటినుంచి ఎవరూ 'పాపం' అన్న మాట అనరాదు! అన్నవారికి శిక్ష తప్పదు!"

ఇంకేముంది! జనం దాలమ్మను చూసి "అయ్యో" అనేవారు, గభాలున నోరు మూసుకునేవారు. పురాణం చెప్పే శాస్త్రిగారు పాపపుణ్యాల ఘట్టం దగ్గర ఆగిపోయి, "పుణ్యమూ, దాని ఎదురుదీ" అని చెప్పుకుపోయారు. మాట పోయింది గానీ ఆకలి పోలేదు. శిక్షకు జడిసి గింజలు పోసేవాళ్ళు కూడా తగ్గారు. అధికారి మాత్రం ఆ మాట ఇక వినబడటం లేదని కోటకు సంతోషంగా కబురు పంపాడు.

రెండో అధికారి చెవిలో 'చూసి' అన్న ముక్క పడింది. చూస్తేనే కదా అనేది, అసలు కనబడకుండా చేస్తే పోలా అనుకున్నాడు. ఎడ్లబండి కట్టించుకుని రాజధాని మొదలుకొని ఊరూరా తిరిగి కుంటివారిని, గుడ్డివారిని, ముసలివారిని ఎక్కించుకుని పొలిమేర అవతల కట్టిన సత్రానికి తోలించాడు. బండి దాలమ్మ గుడిసె ముందుకూ వచ్చింది.

"ఎక్కు అవ్వా. సత్రంలో రెండు పూటలా అన్నం పెడతారు" అన్నాడు అధికారి.

దాలమ్మ మెడ తిప్పి ఓరగా చూసింది. "అక్కడ నాకేటి పని బాబూ?"

"పనేమీ లేదు. తిని కూర్చోవడమే."

"కూర్చుంటే ఈ నడుం ఇంకా వంగిపోద్ది. నాను రాను. గట్టుపని వచ్చిందంట కదా, ఆ పని సేసుకుంటాను. ధర్మం గింజలు తిని తిని విసుగొచ్చింది బాబూ, ఒక్కసారి కూలి గింజలు తినాలనుంది."

అధికారి నవ్వాడు. చెడ్డవాడేమీ కాదు, తొందరపాటు మనిషి, అంతే. "సరే, పున్నమి దాకా గడువిస్తున్నాను. ఆలోగా గట్టుపనిలో నీ పేరు ఎక్కితే ఇక్కడే ఉండు. లేకపోతే నువ్వు బండి ఎక్కాలి" అన్నాడు. పున్నమికి ఎనిమిది రోజులుంది.

మర్నాడు పొద్దున్నే దాలమ్మ గట్టు దగ్గరికి వెళ్ళింది. పని చేయించే మేస్త్రి పేరు సింహాద్రి. కండగలవాడు, కోపిష్టి, గట్టంటే మాత్రం ప్రాణం పెట్టేవాడు.

"దాలమ్మత్తా, నీకు పని చెప్పలేక కాదు, నువ్వు చెయ్యలేవు" అన్నాడు.

"సెప్పి చూడు నాయనా" అంది దాలమ్మ.

సింహాద్రి మట్టితట్ట నెత్తిన పెట్టాడు. వంగిన మనిషి నెత్తిమీద తట్ట నిలుస్తుందా? ముందుకు జారి మట్టంతా కాళ్ళమీద పడింది. గడ్డపార ఇచ్చాడు. భుజం దాకా లేచింది గానీ తలపైకి లేవలేదు. మట్టిని గట్టిపరిచే దిమ్మిస ఇచ్చాడు. దాన్ని ఎత్తబోయి దాలమ్మే చతికిలబడింది.

పనివాళ్ళంతా "అయ్యో..." అని నోళ్ళు మూసుకున్నారు. దాలమ్మకు ఏడుపొచ్చింది. ఎవరికీ కనబడలేదు, ఆమె ముఖం నేలవైపే ఉంది కదా. కొంగుతో మట్టి దులుపుకుని గట్టు వెంబడే ఇంటిదారి పట్టింది.

నడుస్తూ నడుస్తూ ఒకచోట టక్కున ఆగింది.

గట్టుకు ఊరివైపున, గడ్డిదుబ్బు చాటున, బొటనవేలు దూరేంత బొక్క ఉంది. ఎండ్రకాయ బొక్క. నిలబడి నడిచేవాళ్ళకు అది కనబడదు. దాలమ్మ ముఖానికి మాత్రం జానెడు దూరంలో ఉంది. ఆమె వేలుపెట్టి చూసింది. తడి. బొక్క అంచున ఒక నీటిబొట్టు ఊరుతోంది. నలభై ఏళ్ళు వరిమడి గట్లకు బొక్కలు పూడ్చిన చేతికి అదేమిటో తెలియదూ? ఏరు లోపల దారి చేసుకుంటోంది. వాన పడితే ఆ దారే బుంగ అవుతుంది, బుంగ గండి అవుతుంది.

దాలమ్మ గుర్తుగా అక్కడ ఒక కానుగ కొమ్మ గుచ్చింది. ఇంకా చూసుకుంటూ వెళ్ళింది. పొడిబొక్కలు వదిలేసింది, తడిబొక్క కనబడినచోటల్లా కొమ్మ గుచ్చింది. అలా వారం రోజులు పొద్దంతా గట్టంతా తిరిగింది. పదిహేడు కొమ్మలు గుచ్చి వెళ్ళి సింహాద్రికి చెప్పింది.

సింహాద్రి హడావుడిగా ఉన్నాడు. రేపు పున్నమి, ఆ రోజే గట్టు చూడడానికి రాజుగారు వస్తున్నారు! "ఎండ్రకాయలు ఏ గట్టున లేవత్తా? రాజుగారొచ్చే వేళ గట్టుకు ముళ్ళలాగా ఈ కొమ్మలేమిటి?" అని విసుక్కుని పదిహేడు కొమ్మలూ పీకించేశాడు. పైపైన మట్టి పూయించి, నున్నగా అలికించాడు. గట్టు పెళ్ళికూతురిలా తయారైంది.

పున్నమినాడు రెండో అధికారి బండి వచ్చి గట్టు కింద ఆగింది. ఎడ్లు గడ్డి మేస్తున్నాయి. బండి పక్కన దాలమ్మ చిన్న మూటతో నిలబడింది. అప్పుడే రాజుగారు గట్టెక్కారు. గట్టును చూసి మురిసిపోయారు. ఊళ్ళో ఎవరూ 'పాపం' అనటం లేదని అధికారులు చెబితే ఇంకా మురిసిపోయారు.

సరిగ్గా అప్పుడు గుంపులో ఒక అమ్మ దాలమ్మ మూటను చూసి ఆపుకోలేక "అయ్యో..." అంది, ఠక్కున నోరు మూసుకుంది.

రాజు ఆగాడు. "అయ్యో ఏమిటమ్మా? తర్వాతి మాట ఎక్కడికి పోయింది?"

దాలమ్మే మెడ తిప్పి చూసి చెప్పింది. "గొంతులోనే ఉంది మారాజా. తమరు బయటికి రావద్దన్నారంట కదా, అక్కడే కూకుంది."

రాజు ముఖం పాలిపోయింది. ఆ మూటేమిటో, ఆ బండి ఎక్కడికో అడిగి తెలుసుకునేసరికి, తన ఆజ్ఞలో ఎవరు ఏ ముక్క పట్టుకున్నారో ఆయనకు ఒక్కసారిగా అర్థమైంది. "ఒకరు 'అనవలసిన' పట్టుకున్నారు, ఒకరు 'చూసి' పట్టుకున్నారు. నేను చెప్పింది 'అవసరం' గురించి కదయ్యా!" అన్నాడు. తర్వాత దాలమ్మ వైపు తిరిగి అడిగాడు. "అవ్వా, నీకేం వచ్చు?"

నడుం వంగిననాటినుంచీ దాలమ్మకు ఏం రాదో అందరూ చెప్పినవాళ్ళే. ఏం వచ్చని అడిగినవాడు ఈయనొక్కడే.

"నాకు నేల చూడటం వచ్చు మారాజా" అంది.

రాజు వెంట వచ్చిన కొలువువారు కిసుక్కుమన్నారు. రాజు నవ్వలేదు. "చూపించు" అన్నాడు.

దాలమ్మ మూట కిందపెట్టి, గట్టు వెంబడి నడిచి, నున్నగా అలికిన ఒకచోట ఆగింది. "తమ సేతికర్ర ఇక్కడ గుచ్చండి. గట్టిగా కాదు, మెల్లగా." రాజు గుచ్చాడు. కర్ర మూరెడు లోతుకు సర్రున దిగిపోయింది. తీసేసరికి దాని వెంటే నీళ్ళు ఊరాయి.

"నాకు కనబడదేం?" అన్నాడు రాజు.

"తమరు నిలబడి చూస్తున్నారు. ఒంగి చూడండి."

రాజు వంగాడు. రాజు వంగితే మంత్రి వంగాడు, అధికారులు వంగారు, సింహాద్రి వంగాడు. మేఘపురి కొలువంతా గట్టువలస గట్టుమీద నడుములు వంచి ముక్కులు నేలకానించి చూసింది. అందరికంటే ముందు దాలమ్మ నడిచింది. కొమ్మలు లేకపోయినా పదిహేడు చోట్లూ ఒక్కటి తప్పకుండా చూపించింది.

సింహాద్రి ముఖం చిన్నబోయింది. "తప్పయిపోయిందత్తా. గట్టు నాకు తెలుసనుకున్నాను" అని చేతులు జోడించాడు. "నీకు గట్టు వీపు తెలుసు నాయనా, నాకు దాని కడుపు తెలుసు. ఇద్దరం ఉంటేనే గట్టు" అంది దాలమ్మ.

రాజు అక్కడికక్కడే పనివాళ్ళ పట్టీలో ఆమె పేరు రాయించాడు. గట్టు చూసే పని ఆమెది, అందరితో సమానంగా వారానికి కుంచెడు చోళ్ళు కూలి. బండిని ఖాళీగా తిప్పి పంపబోతే దాలమ్మ అడ్డుపడింది.

"ఖాళీగా వద్దు మారాజా. ఆ సత్రంలో కూసోబెట్టినోళ్ళని తిరిగి తెమ్మనండి. నన్నడిగినట్టే వాళ్ళనీ అడగండి."

బండి వెళ్ళింది, నిండుగా వచ్చింది. ఈసారి వచ్చినవాళ్ళు తలలెత్తుకుని దిగారు. చూపు లేని మేదరి కూర్మయ్య మట్టిపనికి తట్టలల్లాడు. అంత గట్టి తట్టలు ఆ గట్టు ఎన్నడూ ఎరగదు. కాలు లేని జాలరి ఏటి మట్టం కనిపెట్టి కొమ్ము ఊదే పనికి కూర్చున్నాడు. మంచం పట్టి లేవలేనివాళ్ళు కొందరున్నారు. వాళ్ళను ఎవరూ ఏ పనీ అడగలేదు. అంబలి కుండ వాళ్ళ ఇంటికే వెళ్ళింది, అదీ తలవంచి ఇచ్చేవాళ్ళ చేతుల మీదుగా వెళ్ళింది.

వానలు మొదలయ్యేలోగా పదిహేడు బొక్కలూ తవ్వి గట్టిగా పూడ్చారు. ఆషాఢం వచ్చింది. మూడు రోజులు ఎడతెగకుండా వాన. మొదటిరోజు ఏరు గట్టు మోకాలు తాకింది. రెండోరోజు నడుం తాకింది. మూడోరోజు మధ్యాహ్నం జాలరి కొమ్ము ఆపకుండా ఊదాడు, ఏరు గట్టు భుజం దాకా వచ్చింది. దాలమ్మ తాటాకు గొడుగు కింద గట్టంతా తిరుగుతూ ఒకచోట ఆగి కేక వేసింది. పద్దెనిమిదో బొక్క, నీళ్ళు బురదగా వస్తున్నాయి! "సింహాద్రీ! ఇక్కడ! గడ్డి ముందు, మట్టి తర్వాత!" ఊరు ఊరంతా కూర్మయ్య తట్టలతో పరుగెత్తింది. సింహాద్రి స్వయంగా దిమ్మిస ఎత్తాడు. సాయంత్రానికి బొక్క మూసుకుంది, ఏరు మెల్లగా వెనక్కి తగ్గింది.

గట్టు నిలిచింది. ఊరు నిలిచింది.

ఆ వారం దాలమ్మ తన కుంచెడు చోళ్ళు తానే కొలిపించుకుని, తానే విసురుకుని, అంబలి కాచుకుని తాగింది. ఇన్నేళ్ళలో అంత కమ్మటి అంబలి తాగలేదని ఇరుగమ్మకూ పొరుగమ్మకూ చెప్పింది.

'పాపం' అన్న మాటమీద దండోరా ఎత్తేశారు. శాస్త్రిగారు హాయిగా పురాణం పూర్తిచేశారు. అయినా గట్టువలసలో దాలమ్మ వీధిలో వస్తుంటే 'అయ్యో' అన్నవాళ్ళు మళ్ళీ లేరు. పిల్లలు పరుగెత్తుకొచ్చి, తలలు వంచి ఆమె ముఖంలోకి చూసి, "అబ్బో! మన గట్టమ్మ!" అనేవారు. 'అయ్యో'కీ 'అబ్బో'కీ మధ్య రాజు అడిగిన ప్రశ్న ఒక్కటే ఉంది. ఆనాటినుంచి మేఘపురిలో ఏ అధికారి ఏ గుమ్మం ముందు నిలబడినా, "నీకేం కావాలి?" అన్నదాంతోపాటు "నీకేం వచ్చు?" అని కూడా అడగడం రివాజైంది.

కథ కంచికి వెళుతూ ఆ గట్టుమీదుగానే వెళ్ళింది, గట్టు చెక్కుచెదరలేదు.

నీతి: జాలిపడి ఊరుకోవడం సాయం కాదు, లేవలేనివారికి అన్నం పెట్టి, చేయగలవారి చేతికి తగిన పని ఇచ్చి, ఇద్దరినీ తల ఎత్తుకునేలా చేయడమే అసలైన సాయం.