డేగను ముందుగా చూసిందెవరు?

ఒకానొక కొండరాజ్యంలో ఉద్దండవర్మ అనే రాజుకు తన కళ్లంటే మహా గర్వం. ఊళ్ల వెంట సవారీ వెళ్లినప్పుడల్లా మెడ ఎత్తి, "అదిగో డేగ!" అని అందరికంటే ముందు ఆయనే చూపించాలి. ముందే చూసినవాళ్లు కూడా నోరు మూసుకుని, ఆయన చూపించాక "ఆహా!" అనడం ఆ కొలువులో మర్యాద.

కొత్తగా చేరిన తిప్పనకు ఆ మర్యాద ఒంటబట్టలేదు. రాజు మెడ ఎత్తేలోగా "డేగ వస్తోంది ప్రభూ!" అనేసేవాడు. అన్నట్టే వచ్చేది.

ఒకనాడు భోజనాల దగ్గర రాణి, "కళ్లంటే తిప్పనవే కళ్లు!" అంది. రాజుకు ముద్ద దిగలేదు. ఆనాటి నుంచి తిప్పన మీద కళ్లలో నిప్పులు పోసుకున్నాడు. వాడు రెప్ప వాల్చినా ఒళ్లు మండేది. వాడికీ రెండే కళ్లు, తనకూ రెండే. మరి వాడివేం గొప్ప?

ఉండబట్టలేక నిండు సభలో అన్నాడు: "ఏమోయ్ తిప్పనా, రేపు కోట వెనక దిబ్బ మీద మనిద్దరికీ పందెం. డేగను నేను ముందు పసిగట్టానా, నువ్వు దేశం విడిచిపోవాలి. పైగా పందెం అయ్యేదాకా నీ కళ్లకు గంతలు కడతాను, తెలిసిందా?"

"చిత్తం. నాతో ఒక కోడిపెట్టనూ దాని పిల్లలనూ తెచ్చుకోనివ్వండి ప్రభూ," అన్నాడు తిప్పన.

రాజు లోలోపల ఎగిరి గంతేశాడు. 'వెర్రివాడు! ఎర వేసి డేగను రప్పిస్తాడు. రప్పిస్తే మాత్రం, చూసేది నేను కదా!'

మర్నాడు దిబ్బ మీద గంతలు కట్టుకుని తిప్పన కూర్చున్నాడు. పక్కనే కోడి గింజలు ఏరుకుంటోంది. కాసేపటికి మబ్బుల కింద ఒక చుక్క కనిపించింది.

"అదిగో డేగ! ఇక మూట కట్టుకో!" అని అరిచాడు రాజు.

"అది డేగ కాదు, రాబందై ఉంటుంది," అన్నాడు తిప్పన.

చుక్క దగ్గరికొచ్చింది. బోడి మెడ కనిపించింది. రాబందే! రాజు ముఖం మాడిపోయింది.

ఇంతలో తిప్పన, "ఇప్పుడొచ్చింది ప్రభూ, డేగ!" అన్నాడు. రాజు నలుదిక్కులా చూశాడు. ఏమీ ఆనలేదు. "అబద్ధం!" అనేలోగా తాటిచెట్ల మీదుగా డేగ దూసుకొచ్చి, మనుషులను చూసి పక్కకు తప్పుకుంది.

రాజు తానే ఆ గంతలు ఊడబీకి, "ఏం కళ్లురా నీవి?" అన్నాడు ఏడుపు గొంతుతో.

"నాకు పది బారల అవతల ఏనుగున్నా ఆనదు ప్రభూ. ఊళ్లలోనూ నేను ఆకాశం చూసిందెన్నడు? కోళ్లనే కనిపెట్టుకుని ఉండేవాణ్ణి. రాబందు కోడిపిల్లల జోలికి రాదని ఈ తల్లికి తెలుసు, అందుకే గింజలు ఏరడం మానలేదు; ఆ టకటక నాకు వినబడుతూనే ఉంది. డేగ కనబడగానే కెక్కరించి పిల్లలను రెక్కల కిందికి పిలిచింది. దేవరవారు వేడుకకు చూస్తారు, ఇది బిడ్డల కోసం చూస్తుంది. దీనికంటే ముందు ఎవరు చూడగలరు?"

రాజు తల వంచి చూశాడు. రెక్కల కింది నుంచి చిన్న ముక్కులు తొంగి చూస్తున్నాయి.

"అయితే ఇన్నాళ్లూ నేను కుళ్లింది ఒక కోడిపెట్టను చూసి అన్నమాట!" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. మెడలోని ముత్యాల హారం తీసి కోడి వైపు ఒకసారి, తిప్పన వైపు ఒకసారి చూశాడు.

కోడి మెడకు అది మరీ వదులు. అందుకని తిప్పన మెడలో వేశాడు.